పేస్టన్న సొరుగులో పదకొండో కవరు

గ్రంథాలయం వెనక, మెట్ల కింద, రేకులు కప్పిన చిన్న గది ఒకటుండేది. చిరిగిన పుస్తకాలు కుట్టే మనిషి ఆ గదిలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప మరెక్కడా వినపడేది కాదు. చేతిలో పేస్టు డబ్బా లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరుగరు కాబట్టి ఊరందరికీ పేస్టన్నే. నేను వట్టి "అన్నా" అనేదాన్ని. ఆయన నన్ను "చెల్లెమ్మా" అనేవాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. టెలిఫోను ఆఫీసులో పని అయ్యాక నేను నేరుగా గ్రంథాలయానికి వెళ్లేదాన్ని, పెళ్లీ పిల్లలూ లేనిదాన్ని కాబట్టి ఇంటికి తొందరగా చేరాల్సిన అవసరం ఉండేది కాదు. తలుపులు మూసేవేళకి మిగిలేది మేమిద్దరమే.

మైదాపిండి ఉడకబెట్టి, అందులో చిటికెడు మైలుతుత్తం కలిపి పేస్టు తయారుచేసేవాడు. పురుగు పట్టకుండా ఉండటానికి ఆ తుత్తం. గదిలో ఎప్పుడూ పుల్లటి వాసన. కుట్టు బిగించడానికి దారాన్ని పంటితో పట్టుకునేవాడు కాబట్టి ముందు పన్ను ఒకటి అరిగి గాడి పడింది. పెద్దగా మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే మాత్రం టమాటాల గురించి.

గ్రంథాలయానికి కంప్యూటరు వచ్చిన ఏడాది, పుస్తకాల చివరి అట్టకి అంటించే కాగితపు జేబులూ, తేదీల చీటీలూ, కార్డుల సొరుగులూ పనికిరాకుండా పోయాయి. పాతసామాను వాడు తూకానికి ఎత్తుకుపోబోతుంటే పేస్టన్న అడ్డుపడ్డాడు. ఒక సొరుగుల బీరువా, నాలుగు వేల కాగితపు జేబులు తన గదిలోకి లాక్కున్నాడు. "నాలుగు వేల జేబులు దేనికయ్యా, అన్నిట్లో ఏం పెట్టుకుంటావు?" అని లైబ్రేరియన్ మేడమ్ నవ్వింది. "గింజలు" అన్నాడు.

అప్పటికే ఆయన గ్రంథాలయం డాబా మీద పగిలిన బకెట్లలో, నూనె డబ్బాల్లో పది రకాల టమాటాలు పెంచుతున్నాడు. ఒకటి నల్లది, పండినా నల్లగానే ఉండేది. ఒకటి పొట్టిది, మోకాలెత్తు దాటేది కాదు. ఇంకోటి పసుపుపచ్చది, దానికి ఆయన పెట్టిన పేరు కామెర్లది. ఎవరో ఇచ్చిన విత్తనం, వాళ్లకి మరెవరో ఇచ్చిన విత్తనం. కొట్టులో కొన్నది ఒక్కటీ లేదు. "కొట్టు గింజ ఒక్క కాపుకే. దాని బిడ్డ ఎవరి పోలికతో పుడుతుందో దానికే తెలీదు. మనది అలాక్కాదు, అమ్మ పోలిక ఎక్కడికీ పోదు" అనేవాడు.

పుస్తకాలు ఇచ్చినట్టే విత్తనాలు ఇచ్చేవాడు. కాగితం జేబులో పది గింజలు, లోపల చీటీ, చీటీ మీద తీసుకున్నవాళ్ల పేరూ తేదీ ముద్రా. ఏడాది తిరిగేలోపు ఇరవై గింజలు తిరిగి ఇవ్వాలి. "అవే తెచ్చి నా మొహాన కొట్టొద్దు. వాటి పిల్లల్ని తేవాలి" అని ప్రతివాడికీ చెప్పేవాడు.

గేటు ఎదురుగా సైకిళ్లు బాగుచేసే ఆయన నల్లదాన్ని తీసుకెళ్లి, మరుసటేడు తిరిగి ఇవ్వడానికి వచ్చిన రోజు నేనూ ఉన్నాను. ఆయన చేతిలో ఒక న్యూస్‌పేపరు ముక్క, దానికి కరుచుకుని గింజలు.

"ఏంటిది, పేపరుతో సహా తెచ్చావు?"

"ఆరబెడితే అంటుకుపోయాయన్నా. పీకితే చస్తాయేమోనని భయమేసింది."

"నీ దగ్గర పంక్చరు వేయించుకున్నోడికి నీళ్ల తొట్టి కూడా చేతికిచ్చి పంపుతావా? పళ్లెంలో ఆరబెట్టమన్నానా లేదా?"

"చెప్పావు. మా ఆవిడ పళ్లెం ఇవ్వనంది. మూడు రోజులు గ్లాసులో గుజ్జు కుళ్లబెట్టానని అప్పటికే నా మీద మండిపడుతోంది. గ్లాసు బయట పారేసింది తెలుసా?"

"గ్లాసు పోతే పోయింది, నిన్ను ఉంచుకుంది కదా. అదృష్టవంతుడివి."

అలా తిడుతూనే గింజలన్నీ ఒక్కొక్కటే అట్టలు గీరే చాకు మొనతో విడదీశాడు, గంటసేపు. ఒక్కటీ చిట్లలేదు. పండిన కాయని పిండి, గుజ్జుని నీళ్లలో మూడు రోజులు పులియనిస్తేనే గింజ చుట్టూ ఉన్న జిగురు వదులుతుంది. తేలిన గింజలు తాలు, అడుక్కి దిగినవి మంచివి. ఇవన్నీ నేను చూసి నేర్చుకున్నవే. చేసి నేర్చుకున్నవి కావు.

సొరుగులో పది రకాలకి పది అరలు. పదకొండో అరలో ఒకే ఒక్క కవరు ఉండేది. దాన్ని డాబా మీద తానొక్కడే కాయించేవాడు, ఎవరికీ ఇచ్చేవాడు కాదు. దాని పేరు అక్క టమాటా.

ఆయన్ని పెంచింది అక్క. మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగేది. రోజంతా చాకలిసోడా నీళ్లలో నాని ఆమె వేళ్ల చర్మం పొరలు పొరలుగా లేచిపోయేదట. పక్కన నిలబడి కడిగే ఆవిడ ఎవరో ఒకసారి సీసా లేబుల్లో పొట్లం కట్టి ఈ గింజలు ఇచ్చింది. వాళ్లుండేది మూడో అంతస్తులో ఒంటి గది. మెట్ల మలుపు దగ్గర రెండు నూనె డబ్బాలు పెట్టి అక్క వాటిని కాయించింది. కాయ గులాబీ రంగు, భుజాల దగ్గర మాత్రం ఆకుపచ్చ. సంచి మూతి తాడు బిగించినట్టు ముడతలు. తోలు ఎంత పల్చనంటే చిన్న వానకే తొడిమ చుట్టూ వలయాలుగా పగిలేది. "బజారుకి చేరేలోపే చస్తుంది చెల్లెమ్మా, అందుకే దీన్ని ఎవడూ అమ్మడు. అమ్మనిదాన్ని మనమే కాపాడుకోవాలి" అనేవాడు. ఏడాదికి ఒకటో రెండో నా చేతిలో పెట్టేవాడు. డాబా మీద నిలబడి ఉప్పు అద్దుకుని తినేవాళ్లం. ముందు పులుపు తగిలేది, మింగాక ఎప్పటికో తీపి. అక్క పోయినప్పుడు ఆమె దగ్గర ఆయన తీసుకున్నది చీర కొంగులో ముడేసిన ఈ గింజలు మాత్రమే. తక్కినవన్నీ ఆమె కూతురికి వదిలేశాడు.

ఆయనకి వెన్ను దెబ్బతిన్న ఏడాది నన్ను గదిలోకి పిలిచాడు.

"నరం నొక్కుకుంటోందట. కోయాలంటున్నారు. తర్వాత రెండేళ్లో మూడేళ్లో మెట్లెక్కకూడదు. మేనకోడలి ఇంటికి పోతున్నా. అక్కడ కిటికీ తప్ప ఆకాశం లేదు."

"మరి మొక్కలు?"

"పది రకాలూ పదిమంది దగ్గరున్నాయి, వాటికి దిగుల్లేదు. ఇదొక్కటే." పదకొండో కవరు తీశాడు. నలభై గింజలు. ఇరవై లెక్కపెట్టి ఇంకో జేబులో వేసి నా వైపు జరిపాడు.

"ఎవరికీ ఇవ్వనంటారు కదన్నా."

"ముప్పై ఏళ్లుగా చూస్తున్నా. నువ్వు తిరిగిచ్చిన పుస్తకంతో నాకు ఏనాడూ పని పడలేదు. ఒక్క మడత లేదు, మరక లేదు. నీ చేతికైతేనే ఇస్తా. దీనికి రెట్టింపు కూడా అడగను. ఇరవై తీసుకో, కాయించి కొత్తవి ఇరవై ఇయ్యి. చాలు."

నేను తీసుకున్నాను. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం కూడా కాదు, గర్వం.

మొదటి ఏడు కుండీ కొన్నాను, మట్టి తెచ్చాను. గింజలు అరచేతిలో పోసుకుని చూశాను. అక్క కడిగిన సీసాలూ పొరలు లేచిన వేళ్లూ కళ్లముందు కదిలాయి. వేస్తే కుళ్లిపోతాయేమో, ఎండ చాలదేమో, పిచ్చుకలు పీకేస్తాయేమో. మళ్లీ కవరులో పెట్టేశాను. రెండో ఏడు వానలు ముందే వచ్చాయని ఆగాను. మూడో ఏడు ఏ కారణమూ అక్కర్లేకపోయింది, అలవాటైపోయింది. కవరుని పెద్ద నిఘంటువులో రెండు పేజీల మధ్య భద్రంగా ఉంచాను. నియమం తెలియక కాదు. నాకు చేతనైంది దాచడం ఒక్కటే, అదే చేశాను.

మూడేళ్లకి ఆయన చేతికర్ర ఊతంతో తిరిగొచ్చాడు. ఓపికున్నన్నాళ్లు పాత గదిలో కూర్చుని కుట్టుకోమని మేడమ్ అంది. నేను కవరు పట్టుకెళ్లాను. ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే వెళ్లాను.

"కాసిందా చెల్లెమ్మా?" అన్నాడు కుర్చీలోంచి లేవబోతూ.

ఆ లేవడం చూసి నిజం చెప్పడానికి నోరు రాలేదు. "కాసింది" అన్నాను.

గింజలు అరచేతిలో పోసుకుని కళ్లజోడు పైకి నెట్టి చూశాడు. "రంగు కాస్త మాసింది. నీడలో ఆరబెట్టావా?"

"అవునన్నా."

ఒక అబద్ధానికి తోడు ఇంకోటి. ఆయన ముద్ర తీసి చీటీ మీద ఆ ఏటి తేదీ గుద్దాడు. కవరుని వెలుతురుకి పట్టి, "చూశావా, కవరు కూడా నలగలేదు" అని మురిసిపోయాడు.

కొత్త గింజ వచ్చాక పాత గింజ మట్టికి పోవాలన్నది ఆయన పద్ధతి. సొరుగులో మిగిలిన పాత ఇరవై గింజల్నీ తీసి మెట్ల పక్కన ఎండుటాకుల కుప్ప మీద చల్లేశాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన పారేసినవీ దాచుకున్నవీ ఒకే కాపు గింజలు. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

వానలు పడ్డాక ఆ కుప్పలోంచి ఆరు మొలకలు లేచాయి. "ముసలి గింజలకి ఎంత ఆశో చూడు!" అని నవ్వాడు. ఆయనకి వంగడం రాదు, పైగా కొత్త విత్తనం చేతిలో ఉందన్న ధీమా. నేను వంగి ఒక్కటి పెకిలించి తెచ్చుకుని కుండీలో నాటుకున్నా సరిపోయేది. నాకెందుకు ఇవి అని అడుగుతాడేమో, ఏం చెప్పాలి? ఇవాళ కాదు, రేపు అనుకున్నాను. నాలుగో రోజు ఊడ్చే మనిషి ఆకులతోపాటు అన్నీ ఎత్తిపోసింది. కంచే చేను మేసిందంటారు. నేను మేయను కూడా లేదు, నిలబడి చూశానంతే.

తర్వాత నాలుగేళ్లు అక్క టమాటా సొరుగులోనే ఉంది. నీళ్లు కారుతున్నాయని డాబా తలుపుకి తాళం వేశారు. "ఐదేళ్లలోపు గింజకి ఢోకా లేదు, జాగా దొరకనీ" అనేవాడు పేస్టన్న. ఐదేళ్లన్నది ఆయన గుద్దిన ముద్ర ప్రకారం. గింజ వయసు అంతకి మూడేళ్లు ఎక్కువ. పైగా ఆ రేకుల గదిలో వేసవిలో పేస్టు దానంతటదే అట్టకట్టేది. ప్రతి వేసవికీ ఈసారి చెప్పేయాలి అనుకునేదాన్ని. ప్రతి వేసవీ గడిచిపోయేది.

గ్రంథాలయం వాళ్లు ఆ రేకుల గదిని కూలగొట్టే నాటికి సైకిలాయన తన షాపు వెనక ఖాళీగా ఉన్న గది ఆయనకిచ్చాడు. గది ముందు మంచమంత పెరడు, పూటంతా ఎండ. సొరుగుల బీరువా రిక్షా మీద వెళ్లింది. వెళ్లిన వారానికే పేస్టన్న ఇరవై కాగితం కప్పుల్లో మట్టి నింపి ఇరవై గింజలూ వేశాడు. ఒక్కటీ మిగుల్చుకోలేదు. "తాజా గింజ కదా, మిగల్చడం దేనికి? ఆర్నెల్లలో వందలొస్తాయి" అన్నాడు.

టమాటా గింజ వారంలో లేస్తుంది, మహా అయితే పది రోజులు. నేను రోజూ వెళ్లేదాన్ని. ఎనిమిదో రోజు ఆయన కప్పుల మీద తడిగుడ్డ కప్పాడు. పదమూడో రోజు గుడ్డ తీసేశాడు. ఇరవయ్యో రోజు ఒక కప్పు బోర్లించి మట్టిని వేళ్లతో నలిపి చూశాడు. గింజ దొరికింది. గోటితో నొక్కితే చిట్లి, లోపలినుంచి నీళ్లలాంటిదేదో వచ్చింది. ఇరవై కప్పులూ బోర్లించాడు, ఒకటి తర్వాత ఒకటి. షాపులో సైకిలాయన ఏదో చక్రం తిప్పుతున్న చప్పుడు వినపడుతోంది.

నాలుగు రోజులు నేను వెళ్లలేకపోయాను. ఐదో రోజు ఉదయం సైకిలాయన మా ఇంటికే వచ్చాడు.

"అమ్మా, మీరొకసారి రావాలి. పేస్టన్న బ్రష్షులూ డబ్బా చెత్తలో పడేశాడు. సొరుగులో విత్తనాలన్నీ కాల్చేస్తానంటున్నాడు. నా మాట వినట్లేదు. మీరు చెబితే వింటాడు."

వెళ్లేసరికి పెరట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పది రకాల కవర్లూ కుప్పగా పోసి ఉన్నాయి. అగ్గిపెట్టె మోకాలి మీద ఉంది.

"రా చెల్లెమ్మా, కూర్చో. తప్పెక్కడుందో దొరికింది. పేస్టు. ఈ జేబుల అంచులన్నీ నా పేస్టుతో నేనే మళ్లీ అంటించానుగా. అందులో తుత్తం. పురుగు చావాలని కలిపాను. పురుగు చస్తే గింజ చావదా? ముప్పై నాలుగేళ్లు పుస్తకాలు కుట్టినోణ్ణి, ఆ మాత్రం ఇంగితం లేకపోయింది." కవరు ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "అక్క చేతులు సోడాలో నానబెట్టి నన్ను పెంచింది. నేను దాని గింజని తుత్తంలో నానబెట్టి చంపాను. నువ్వు అంత కష్టపడి కాయించి తెస్తే నేను మందు పెట్టాను. ఇవన్నీ కూడా చచ్చినవే. చచ్చినవాటిని జనానికి పంచి, లేవలేదంటే వాళ్లని తిట్టడం నాకు వద్దు."

"పేస్టు కాదన్నా" అన్నాను.

"నీకేం తెలుసు?"

"నేను కాయించలేదు."

ఆయన వినపడనట్టు చూశాడు.

"మీరిచ్చిన గింజలే మళ్లీ తెచ్చిచ్చాను. ఒక్కటీ వేయలేదు. పుస్తకంలో పెట్టి ఉంచాను. మీరు ముద్ర వేసేనాటికే అవి పాతవి. కాసిందని అబద్ధం చెప్పాను."

సైకిలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మెల్లగా లోపలికి వెళ్లిపోయాడు.

పేస్టన్న అగ్గిపెట్టె తెరిచి పుల్లలు సరిచేసి మళ్లీ మూశాడు. "అయితే పేస్టు కాదన్నమాట" అన్నాడు.

"కాదు."

"మెట్ల దగ్గర మొలిచినవి చూశారు కదా మీరు?"

మీరు అన్నాడు. అంతవరకూ నన్ను ఎప్పుడూ మీరు అని ఎరగడు.

"చూశాను."

"ఆరు లేచాయి." వేళ్ల మీద లెక్కపెట్టుకున్నట్టు బొటనవేలు కదిలింది. "ఆరు." తర్వాత కవర్లన్నీ ఒక్కొక్కటే ఏరి ఒడిలో పెట్టుకున్నాడు. నేను సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎండెక్కుతోందండి. మీరు బయల్దేరండి."

తర్వాత పద్నాలుగు నెలలు బతికాడు. ఆ ఏడు పది రకాలూ వేశాడు. తొమ్మిది కాశాయి, కామెర్లది ఆలస్యంగా లేచి అదీ కాసింది. నేను వెళ్లేదాన్ని. పీట వేసేవాడు, మంచినీళ్లిచ్చేవాడు, ఏం చదువుతున్నారండీ అని అడిగేవాడు. కోపం చూపిస్తే భరించగలిగేదాన్నేమో. ఆయన తిట్టాలన్నా నేను దగ్గరిదాన్ని కావాలి కదా. చెల్లెమ్మా అన్న పిలుపు మళ్లీ వినలేదు. విత్తనం అడిగే మొహం నాకు లేదు, ఇస్తానని ఆయనా అనలేదు. అక్క టమాటా ఇంకెక్కడైనా ఉందేమోనని నేను తిరగని చోటు లేదు. మందుల ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. పక్కన నిలబడి సీసాలు కడిగిన ఆవిడ ఎవరో తెలిసినవాళ్లు దొరకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆకులు కూడా దొరకలేదు.

ఆయన పోయిన పదో రోజున మేనకోడలు సామాను సర్దడానికి వచ్చింది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని ఆమెది. తల్లి చేతుల గురించి విన్నాను కాబట్టి కాబోలు, నా చూపు ఆమె చేతుల మీదికే పోయింది. సొరుగులు సైకిలాయనకి ఇవ్వమని మావయ్య చెప్పాడట. ఎవరు ఏ రకం తీసుకెళ్లారో చీటీలు చదివి చెప్పమని నన్ను పిలిపించింది. మావయ్య రాత ఆమెకి అర్థం కాదు.

పది అరలూ చదివాను. ఎవరెవరో, ఎన్నెన్ని గింజలో. సైకిలాయన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. పదకొండో అర లాగితే ఖాళీ కవరు ఒకటీ, దాంట్లో చీటీ ఒకటీ ఉన్నాయి.

చీటీ మీద నేను తిరిగిచ్చిన రోజున వేసిన ముద్రని ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేశాడు. కింద, "విత్తనం పాతది. పేస్టు కాదు" అని రాశాడు. తీసుకున్నవారి పేరు దగ్గర అంతకుముందు ఏదో రాసి ఉండాలి. అట్టలు గీరే చాకుతో అక్కడి కాగితాన్ని పల్చగా గీరేశాడు. వెలుతురుకి పడితే అవతలి గోడ కనపడేంత పల్చగా. చిరగలేదు.

"ఇది అమ్మ టమాటా కదా?" అంది మేనకోడలు పక్కకి వచ్చి. "చిన్నప్పుడు మెట్ల దగ్గర తిన్నాను. ఇది ఎవరు తీసుకెళ్లారండీ? పేరు లేదేంటి?"

సైకిలాయన తల వంచుకుని నోటుపుస్తకంలో ముందే రాసిన గీతనే మళ్లీ దిద్దుతున్నాడు. అతను చెప్పడని అర్థమైంది.

అతని చేతిలో పెన్ను అడిగి తీసుకున్నాను. గీరిన చోట కాగితం సిరా పీల్చి, అక్షరాలు ముద్దగా వచ్చాయి. అయినా చదవడానికి వస్తాయి. నా పూర్తి పేరే రాశాను.